బంగారు గనికి నడిచి వెళ్తే బంగారం ఎందుకు కనిపించదు?

ఎండాకాలం వచ్చిందంటే హనుమకొండలో మా కాలనీలో నాలుగైదు ఇండ్లకు తాళాలు పడతాయి. పెద్దవాళ్లు పిల్లల దగ్గరికి పోతారు, ఒకరు డల్లాస్, ఒకరు మెల్‌బోర్న్, ఇంకొకరు ఆక్లాండ్. ఆక్లాండ్ పోయినవాళ్లను పిల్లలు ఏదో ఒక శనివారం కరంగహాకే లోయకు తీసుకుపోతారు. న్యూజిలాండ్ ఉత్తర దీవిలో, పైరోవా, వైహీ అనే రెండు ఊళ్ల మధ్య ఉంటుంది. పాత బంగారు గనుల మధ్య నుంచి, ఓహినెమురి ఏటి ఒడ్డున నడక దారి వేశారు. మా అమ్మాయి నన్ను కూడా తీసుకుపోయింది.

మా పక్కింటాయన నాకంటే తర్వాత వెళ్లొచ్చాడు. వచ్చిన రెండో రోజే ఫోన్ పట్టుకుని మా వరండాలో కూర్చున్నాడు. "సార్, మీరు బాయి మనిషి కదా, జర చెప్పండి. బంగారు గని అన్నరు. చూస్తే అన్నీ సిమెంటు దిమ్మెలు, తుప్పు పట్టిన ఇనుము, చీకటి సొరంగం. బంగారం ఏది? ఇంకా ఉంటే ఎందుకు మూసిండ్రు? అయిపోతే పక్క ఊళ్లో ఇంకా ఎట్ల తవ్వుతుండ్రు?"

నేను భూపాలపల్లి బొగ్గు బాయిల్లో పని చేసినవాడిని, బంగారం పని కాదు. అయినా ఆయన ప్రశ్నలు మంచివి. అవే ప్రశ్నలు చాలామందికి వస్తాయి, ఆ దారి మీద నడిచినవాళ్లకే కాదు, కోలార్ గనుల గురించి వార్త వచ్చినప్పుడల్లా కూడా.

బొగ్గు బాయికీ బంగారు గనికీ తేడా

మన దగ్గర బాయిలోంచి ఒక టన్ను బొగ్గు పైకి వచ్చిందంటే, కొంచెం రాయీ రప్పా ఏరేస్తే మిగిలిందంతా అమ్మకానికే. ఓసీపీల, అంటే పైనుంచి తవ్వుకుంటూ పోయే ఓపెన్ కాస్ట్ గనుల పక్కన గుట్టల్లా కనిపించే ఓబీ మట్టి వేరే సంగతి, అది బొగ్గు మీద కప్పి ఉన్న పొర. బొగ్గు మాత్రం తీసింది తీసినట్టే రైలెక్కుతుంది. అందుకే మూతపడిన భూగర్భ బొగ్గు బాయి దగ్గరికి పోతే కనిపించేది వాలుగా కిందికి దిగే ఒక ఇంక్లైన్ మూతి, ట్రాలీలు లాగే హాలేజి గది, హాజరు మస్టర్ పడే ఆఫీసు. అంతే.

బంగారం అట్లా కాదు. టన్నుకు 10 గ్రాముల బంగారం ఉన్న రాయి అంటే మంచి రాయి కిందే లెక్క. టన్ను అంటే పది లక్షల గ్రాములు. అందులో పది మాత్రమే మనకు కావాలి. మిగిలిన 9,99,990 గ్రాములు పారేయాలి. అంటే బంగారు గనిలో అసలు పని తవ్వడం కాదు, పారేయడం. ఆ నడక దారి పొడవునా కనిపించే దిమ్మెలు, తొట్లు, కాలువలు, ట్రాలీ పట్టాలు అన్నీ ఆ పారేసే పనికి కట్టుకున్నవే. నాకు ఇది అక్కడ నిలబడ్డాకే తట్టింది. మా వాళ్లు సెల్ఫీలు తీసుకుంటుంటే నేను ఆ సిమెంటు దిమ్మెలు లెక్కపెడుతూ ఉండిపోయాను.

ఏటి బంగారం, రాతి బంగారం

బంగారం రెండు రూపాల్లో దొరుకుతుంది. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం.

మొదటిది రాతి బంగారం. భూమి లోపలి వేడి నీళ్లు రాతి పగుళ్లలోంచి పైకి వస్తాయి. ఆ నీళ్లలో కరిగిన సిలికా, కొన్ని లోహాలు, అతి కొద్దిగా బంగారం ఉంటాయి. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది, నీళ్లు మరుగుతాయి, చల్లారతాయి. కరిగినవన్నీ పగులులోనే పేరుకుపోతాయి. బోరు నీళ్లు రోజూ కాస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది చూడండి, అట్లాగే. ఆ తెల్లటి రాతి పట్టీనే క్వార్ట్జ్ రీఫ్ అంటారు. కరంగహాకేది ఈ రకమే. అగ్నిపర్వతాల నేల, భూమి వయసు లెక్కలో చిన్నపిల్ల, కోటి ఏండ్లు కూడా నిండలేదు. కోలార్‌ది కూడా రాతి బంగారమే, కానీ అది రెండు వందల కోట్ల ఏండ్లు దాటిన ధార్వాడ్ శిలల్లోది.

రెండోది ఏటి బంగారం. రీఫ్ ఉన్న కొండను వానలు, ఏర్లు అరగదీస్తాయి. రాయి ఇసుకవుతుంది, బంగారం రజనుగా విడిపోయి ఏట్లో కొట్టుకుపోతుంది. ఇసుక కంటే బంగారం ఏడు రెట్లకు పైగా బరువు కాబట్టి నీటి వేగం తగ్గిన మలుపుల్లో, రాతి సందుల్లో అడుగున కూర్చుంటుంది. దీన్ని పట్టడానికి మిల్లు అక్కర్లేదు. వెడల్పు పళ్లెంలో ఇసుక, నీళ్లు పోసి తిప్పుతూ తేలిక ఇసుకను అంచు మీదుగా వదిలేస్తారు. చాటలో వడ్లు చెరిగితే పొల్లు పోయి గింజ మిగిలినట్టు, చివరికి నల్ల ఇసుక, దాని అడుగున మెరిసే చుక్కలు మిగులుతాయి. కంసాలి దుకాణాల ముందు మట్టి ఊడ్చుకుపోయి కడుక్కునేవాళ్లు చేసేదీ ఇదే పని.

మనకూ ఈ రెండో రకంతో కొంచెం చుట్టరికం ఉంది. ములుగు జిల్లా మంగపేట దగ్గర గోదావరి ఇసుకలోంచి బంగారు రేణువులు కడిగేవారని 19వ శతాబ్దపు భూగర్భ రచనల్లో కనిపిస్తుంది. కానీ అది కడుపు నింపిన పనే తప్ప గని పెట్టించిన పని కాదు. ఓరుగల్లు చుట్టూ ఉన్నది ఎక్కువగా గ్రానైటు, నైసు రాళ్లు, గోదావరి లోయలో ఉన్నది బొగ్గు పొరలున్న గోండ్వానా ఇసుకరాయి. దక్షిణ భారతంలో పెద్ద బంగారు రీఫ్‌లన్నీ ధార్వాడ్ పట్టీల్లో ఉన్నాయి, కోలార్, హట్టి, రామగిరి, చిగురుగుంట, జొన్నగిరి. అందుకే మన దగ్గర సింగరేణి వచ్చింది, కోలార్ రాలేదు.

హట్టి పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. రాయచూరు జిల్లాలోని ఆ గని 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. 1947లో పెట్టిన కంపెనీ పేరు కూడా హైదరాబాద్ గోల్డ్ మైన్స్. రాష్ట్రాల పునర్విభజనలో రాయచూరుతో పాటే గని అటు పోయింది. ఇప్పటికీ నడుస్తోంది.

శనగగింజ లెక్క

టన్ను రాయి అంటే ఎంత? పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కోటి దాదాపు 72 సెంటీమీటర్లు ఉండే దిమ్మె. చిన్న ఫ్రిజ్ అంత. అందులోని పది గ్రాముల బంగారం ఎంత? అర ఘన సెంటీమీటరు. ఒక శనగగింజంత.

ఆ శనగగింజ ఒక్కచోట ఉండదు, అదీ చిక్కు. కంటికి కనిపించని నలుసులుగా ఆ ఫ్రిజ్ అంతటా చల్లినట్టు ఉంటుంది. కరంగహాకేలో అయితే వెండితో, గంధకపు ఖనిజాలతో కలిసిపోయి ఉంటుంది. కాబట్టి దిమ్మెను మొత్తం పిండి చేయక తప్పదు.

ఆ పిండి చేసే యంత్రాన్నే స్టాంప్ బ్యాటరీ అంటారు. బ్యాటరీ అనగానే మా పక్కింటాయన కరెంటు బ్యాటరీ అనుకున్నాడట, అక్కడి బోర్డు చదివి! నిజానికి అది ఇనుప రోకళ్ల వరస. ఒక్కో రోకలి నాలుగైదు క్వింటాళ్ల బరువు. తిరిగే ఇరుసు దాన్ని ఎత్తి వదిలేస్తుంది, కింద ఇనుప రోట్లో రాయి, నీళ్లు. దంచిన పిండి జల్లెడ దాటేదాకా దంపుడు ఆగదు. కరంగహాకేలో టాలిస్మాన్, వుడ్‌స్టాక్, క్రౌన్ అనే మూడు కంపెనీల బ్యాటరీలు ఉండేవి. లోయ పక్కనే వైకినోలో 1897లో కట్టడం మొదలైన విక్టోరియా బ్యాటరీ వీటన్నిటికంటే పెద్దది, 200 రోకళ్లు. రోజుకు 812 టన్నుల రాయి దంచే శక్తి దానిది.

ఆ అంకెను మన కొలతల్లో చూద్దాం. 812 టన్నులు అంటే పది టన్నుల లారీలు ఎనభైకి పైనే. టన్నుకు పది గ్రాములు దక్కాయనుకుంటే రోజుకు ఎనిమిది కిలోల బంగారం. ఘనపరిమాణం చూస్తే అర లీటరు పాల ప్యాకెట్ కూడా నిండదు. పొద్దున నుంచి మళ్లీ పొద్దున దాకా 200 రోకళ్లు లోయ అదిరేలా దంచితే చివర్లో చేతికి వచ్చేది అంత. లారీల కొద్దీ బురద మాత్రం మిగిలింది. దాని సంగతి తర్వాత.

పాదరసం పోయి సైనైడ్ వచ్చాక

దంచిన పిండిలోంచి బంగారాన్ని పట్టడానికి మొదట పాదరసం వాడేవారు. రాగి రేకుల మీద పాదరసం పూసి బురదను వాటి మీదుగా పారిస్తే బంగారం పాదరసానికి అంటుకుంటుంది. తర్వాత కాచి పాదరసాన్ని ఆవిరి చేస్తే బంగారం మిగులుతుంది. ముతక రజనుకు ఈ పద్ధతి పనికొస్తుంది. కరంగహాకే బంగారం మరీ సన్నం, పైగా గంధకంతో కలిసినది. సగం కూడా దక్కేది కాదు. ఓహినెమురి ప్రాంతాన్ని 1875లో తవ్వకాలకు తెరిచారు, జనం పరుగెత్తుకొచ్చారు, బంగారం రాతిలో ఉంది, కానీ చేతికి రాదు. పదిహేనేండ్లు అదే గోస.

1887లో గ్లాస్గోలో మెక్‌ఆర్థర్ అనే రసాయన శాస్త్రవేత్త, ఫారెస్ట్ అనే ఇద్దరు వైద్య సోదరులు కలిసి సైనైడ్ పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు. బాగా పలచని సైనైడ్ ద్రావణంలో, గాలి తగులుతుంటే, బంగారం చక్కెరలా కరుగుతుంది. ఆ ద్రావణాన్ని జింకు ముక్కల మీదుగా పోనిస్తే బంగారం మళ్లీ బయటపడుతుంది. దీన్ని ప్రయోగశాల బయట గని దగ్గర మొదట పరీక్షించిన చోటు కరంగహాకేలోని క్రౌన్ బ్యాటరీ, 1889లో. దక్కుబడి తొంభై శాతం దాకా పెరిగింది. ఆ తర్వాత దక్షిణాఫ్రికా, కోలార్, హట్టి, ప్రపంచమంతా అదే దారి పట్టింది. దారి పక్కన కనిపించే గుండ్రటి తొట్ల పునాదులు ఈ కథకు చెందినవి. గైడ్లు రైలు సొరంగం దగ్గర చెప్పినంతసేపు వీటి దగ్గర చెప్పరు, నాకు అది లోటనిపించింది.

దీనివల్ల మారింది ఏమిటో ఒక లెక్క చెప్తుంది. టన్నులో పది గ్రాములు ఉంది. తవ్వి, మోసి, దంచే ఖర్చు ఆరు గ్రాముల బంగారం ధరకు సమానం అనుకుందాం. పాదరసంతో నాలుగున్నర గ్రాములు దక్కితే ఒకటిన్నర గ్రాముల నష్టం. సైనైడ్‌తో తొమ్మిది దక్కితే మూడు గ్రాముల లాభం. రాయి మారలేదు, కొండ మారలేదు. నిన్న పనికిరాని రాయి ఇవాళ ముడి ఖనిజం అయింది. లాభానికి తీయగలిగితేనే రాయిని ముడి ఖనిజం అంటారు. ఆ మాటలో రసాయనం ఎంత ఉందో జమాఖర్చు అంతకంటే ఎక్కువ ఉంది.

మూతపడిందంటే అయిపోయినట్టా?

కాదు. పక్కింటాయన మూడు ప్రశ్నలకూ జవాబు పై లెక్కలోనే ఉంది.

కోలార్ చూడండి. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టింది. తొలినాళ్లలో టన్నుకు 47 గ్రాముల దాకా వచ్చింది. నూట ఇరవై ఏండ్లలో 800 టన్నుల బంగారం తీశారు. తీసేకొద్దీ రీఫ్ లోతుకు పోయింది, చాంపియన్ రీఫ్‌లో 3.2 కిలోమీటర్ల లోతుకు. అంత లోతులో రాయి వేడి, గాలి చల్లబరచాలి, నీళ్లు తోడాలి, మనుషులను దించి ఎక్కించాలి. ఖర్చు పెరిగింది, టన్నుకు దక్కేది మూడు గ్రాములకు పడిపోయింది. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. అప్పుడు తులం బంగారం నాలుగున్నర వేల లోపే. ఇప్పుడెంతో ఇంట్లో పెండ్లి పెట్టుకున్నవాళ్లను అడిగితే లోటు లేకుండా చెప్తారు. కింద బంగారం అయిపోలేదు, ఆ ధరకు ఆ లోతు నుంచి తీయడం గిట్టలేదు.

కరంగహాకే పక్కన వైహీలో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. అక్కడి మార్తా గని 1952లో మూతపడింది, దానితో పాటే విక్టోరియా బ్యాటరీ. 1980లలో ధరలు, యంత్రాలు మారాక అదే గనిని ఊరి నడిబొడ్డున ఓపెన్ కాస్ట్‌గా మళ్లీ తెరిచారు. భూగర్భంలో ఏరుకుని తీసిన రీఫ్‌ల చుట్టూ మిగిలిన తక్కువ రకం రాయి ఈసారి గిట్టింది. నీళ్లు తోడే పాత పంపుహౌస్ పెద్ద కాంక్రీటు కట్టడం. దాని కింద నేల కదులుతోందని 2006లో మొత్తంగా ఎత్తి దాదాపు 300 మీటర్లు జరిపారు. ఒకవైపు పాతదాన్ని స్మారకంగా కాపాడుతూ, ఇంకోవైపు పక్కనే కొత్తగా తవ్వుతూ. మన ఓసీపీ ఊళ్లలో గుడిని జరిపినప్పుడు జనంలో వచ్చే కలవరం గుర్తొచ్చింది నాకు.

పారేసింది ఎక్కడికి పోయింది?

నేను ఆ దారి మీద అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది ఇక్కడే. రోజూ వందల టన్నుల పిండిబురద. దాన్ని టెయిలింగ్స్ అంటారు. ఎక్కడ పోశారు?

ఏట్లో. దొంగచాటుగా కాదు. 1895లో ఓహినెమురి నదిని బురద కాలువగా ప్రభుత్వమే ప్రకటించింది. చట్టప్రకారం అది ఇక నది కాదు, గనుల మురుగు మోసే కాలువ. నది అడుగు పూడిపోయింది, కింద పొలాల మీద బూడిదరంగు బురద పరుచుకుంది, పైరోవాను వరదలు ముంచాయి. 1910 నాటికి దీని మీద విచారణ కమిషన్ వేయాల్సి వచ్చింది. ఇవాళ ఆ ఏటి నీళ్లు తేటగా పారుతుంటే వంతెన మీద నిలబడి ఫొటో తీసుకుంటాం. ఆ నీళ్లకు ఈ గతం ఉందని బోర్డు చదివితే తప్ప తెలియదు.

కోలార్‌లో అయితే గుట్టలుగా పోశారు. రామగుండం బూడిద చెరువు చూసినవాళ్లకు ఆ దృశ్యం కొత్త కాదు. అక్కడివాళ్లు వాటిని సైనైడ్ దిబ్బలు అంటారు. పేరు కొంత తప్పుదారి పట్టిస్తుంది. సైనైడ్ ఎండకూ గాలికీ చాలావరకు విడిపోతుంది. మిగిలే బాధ సన్నటి సిలికా దుమ్ము, గంధకపు ఖనిజాలు. గాలి దుమారం లేచిన రోజు ఊరి మీద పడేది ఆ దుమ్మే. అయితే ఆ దిబ్బల్లో పాతకాలపు పద్ధతులకు దక్కని కొద్దిపాటి బంగారం ఇంకా ఉంది. 2024 జూన్‌లో 13 దిబ్బలను మళ్లీ శుద్ధి చేసి బంగారం తీయాలన్న కేంద్ర ప్రభుత్వ ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. "కోలార్ గనులు మళ్లీ తెరుస్తున్నారు" అని మన గ్రూపుల్లో తిరిగింది ఆ వార్తే. గని తెరవడం కాదది, గని పారేసినదాన్ని మళ్లీ జల్లించడం. అప్పటికే దంచి పైన పోసిన పిండి కాబట్టి తవ్వే ఖర్చూ దంచే ఖర్చూ లేవు. టన్నులో ఒక గ్రాము కంటే తక్కువ ఉన్నా లెక్క కుదరొచ్చు.

ఆ దారి ఎవరి కథ చెప్తుంది?

ఇలాంటి చోట్ల గురించి రెండు మూడు వాదాలు ఉన్నాయి, దేన్నీ తీసిపారేయలేం.

శ్రమ జ్ఞాపకంగా చూసేవాళ్లది ఒక వాదం. చేతి సుత్తితో రాయి కొట్టి, సిలికా దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పోగొట్టుకున్న కార్మికుల గుర్తులు ఇవి, వీటిని తుడిచేస్తే వాళ్లు లేనట్టే అంటారు. బాయి పని చేసినవాడిగా నేను దీనికి సులువుగా లొంగిపోతాను. మూతపడ్డ బాయిలతో బెల్లంపల్లి ఎట్లా చిన్నబోయిందో చూసినవాళ్లెవరైనా లొంగుతారు.

ఆ నేల అసలు ఎవరిది అని అడిగేవాళ్లది ఇంకో వాదం. ఓహినెమురి హౌరాకి ప్రాంతపు మావోరీలది, అంటే ఆ దేశపు మూలవాసులది. 1875లో తవ్వకాలకు తెరవడానికి ముందు వాళ్లకు సరుకులు అప్పుగా ఇచ్చి, ఆ అప్పును భూమి మీద ఒత్తిడిగా మార్చారు. పెద్దల్లో తె హిరా లాంటివాళ్లు ఏండ్ల తరబడి అడ్డుపడ్డారు. గనివాళ్ల సాహసగాథగానే బోర్డులు రాస్తే ఈ భాగం మాయమవుతుంది. ఏజెన్సీలో అప్పుకూ భూమికీ ఉన్న ముడి తెలిసిన మనకు దీన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

మూడోది ఇప్పటి గొడవ. వైహీకి దగ్గర్లో, అటవీ పార్కు అడుగున కొత్త భూగర్భ గని ప్రతిపాదన వచ్చింది. అనుమతులను వేగం చేసే చట్టాన్ని 2024లో తెచ్చారు. ఉద్యోగాలు వస్తాయి, సొరంగం లోతున పోతుంది కాబట్టి పైన అడవికి ఏమీ కాదు అంటారు ఒకరు. ఆ అడవిలో ఆర్చీస్ కప్ప అనే అరుదైన జాతి ఉంది, పేలుళ్ల అదురు దాన్ని ఏం చేస్తుంది, బురద చెరువులను వందల ఏండ్లు ఎవరు కాస్తారు అంటారు ఇంకొకరు. పాత గనిని చూసి మురిసే టూరిస్టు కొత్త గనిని వద్దనడం ఆత్మవంచన అని గనివాళ్లు అంటే, పాత గని ఏం చేసిందో చూశాం కాబట్టే వద్దంటున్నాం అని అవతలివాళ్లు అంటారు. నాకైతే రెండో మాటకు 1895 నాటి ప్రకటన బలమైన సాక్ష్యం అనిపిస్తుంది. అయితే అప్పటి నది చట్టానికీ ఇప్పటి నిబంధనలకూ పోలిక లేదన్నదీ నిజమే.

సొరంగాలకు ఇనుప గేట్లు ఎందుకు?

అక్కడ జనం నడిచే సొరంగాలు కొన్నే. ఒకటి 1905లో తెరిచిన రైలు సొరంగం, కిలోమీటరు పైన ఉంటుంది. 1978లో రైలు ఆగిపోయాక నడకకూ సైకిళ్లకూ ఇచ్చారు. ఇంకోటి కొండ చరియలో తొలిచిన గని దారి, మధ్యమధ్య లోయలోకి కిటికీల్లా తెరుచుకుంటుంది. మిగతా చాలావాటికి గేట్లు. పిల్లలకు కోపం వస్తుంది, దయ్యాలు ఉన్నాయా అని అడుగుతారు.

బాయి మనుషులకు కారణం తెలుసు. గాలి ఆడని పనుల్లో ఆక్సిజన్ తగ్గుతుంది. మన బొగ్గు బాయిల్లో మీథేన్ భయం అదనం. రాతి గనిలో అది సాధారణంగా ఉండదు, కానీ ఊపిరి ఆడని గాలి అక్కడా ఉంటుంది, వాసన రాదు, రంగు ఉండదు. నూరేండ్ల కిందటి చెక్క దిమ్మెలు పుచ్చిపోయి ఉంటాయి. అన్నిటికంటే పెద్ద ప్రమాదం నేలలోనే. రీఫ్ నిలువుగా ఉంటే దాన్ని తవ్వేసిన ఖాళీ కూడా నిలువుగానే ఉంటుంది. అడ్డ సొరంగంలో నడుస్తున్నవాడి కాలి కింద పదుల మీటర్ల గొయ్యి ఉండొచ్చు, మీద కుళ్లిన పలక ఒక్కటే అడ్డం.

పళ్లెం పట్టుకుని ఏట్లో దిగొచ్చా?

న్యూజిలాండ్‌లో నేలలోని బంగారం, వెండి ప్రభుత్వానివి, 1991 చట్టం ప్రకారం. చేతి పనిముట్లతో సరదాగా కడుక్కోవడానికి కొన్ని చోట్లు కేటాయించారు, అవి ఎక్కువగా దక్షిణ దీవిలో ఉన్నాయి. మన దేశంలో బంగారం 1957 గనుల చట్టం కింద ప్రధాన ఖనిజం. మంగపేట ఇసుకలో ఒక చుక్క మెరిసినా దాన్ని గనిగా చేసుకునే హక్కు ఒడ్డున పొలం ఉన్నవాడికి రాదు.

ఇదంతా విన్నాక మా పక్కింటాయన జేబులోంచి ఒక తెల్లటి రాయి తీశాడు. ఏటి ఒడ్డున దొరికిందట. గుప్పిట్లో పట్టేంత ఉంది, క్వార్ట్జే. వంటింట్లోంచి మా ఆవిడ తూకం తెచ్చింది, సరిగ్గా వంద గ్రాములు. టన్నుకు పది గ్రాములు ఉన్న మంచి రాయి అనుకున్నా, ఇందులో ఉండేది ఒక మిల్లీగ్రాము బంగారం. గ్రాము పదివేలనుకుంటే పది రూపాయలది. అది బయటికి రావాలంటే రాయిని ముఖానికి రాసుకునే పౌడరంత సన్నగా దంచి, సైనైడ్‌లో నానబెట్టాలి.

ఆయన రాయిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "వద్దులెండి సార్," అన్నాడు, "తెల్లగా మంచిగుంది," అని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.